నేను నేనేనని ఎవరు చెప్పాలి?

మా హుజూర్‌నగర్ వైపు కొత్త ఆడమనిషి కనిపిస్తే పెద్దవాళ్ళు పేరు అడగరు. "ఎవరి బిడ్డవమ్మా?" అంటారు. పెళ్ళయినట్టు కనిపిస్తే "ఎవరింటి కోడలివి?" అంటారు. ఆ ప్రశ్నలో ఆప్యాయత ఉంది, కాదనను. కానీ దాని జవాబులో నా పేరుకు చోటు లేదు. తండ్రో భర్తో పూచీపడితే తప్ప నేనెవరో తేలదు. ఇంటిపేరు గురించీ, దరఖాస్తుల్లో 'తండ్రి లేదా భర్త పేరు' అనే గడి గురించీ స్త్రీవాదులు చాలాకాలంగా ప్రశ్నిస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఆ ప్రశ్న కంప్యూటర్ తెర మీదికీ, సెల్‌ఫోన్‌లోకీ వచ్చింది. అక్కడ కూడా నా మాట ఒక్కటే చెల్లదు. నేను నేనేనని ఇంకెవరో చెప్పాలి. ఆ చెప్పే పద్ధతిలో ఉన్న న్యాయం ఏమిటి, అది ఆడవాళ్ళ దాకా వచ్చేసరికి ఏమైపోతోంది అన్నదే ఇక్కడ నా ఆలోచన.

బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాములుంటాయి. ఎక్స్‌టెన్షన్లంటారు. చదివే పేజీలో గీతలు గీసుకోవడానికి, నోట్సు దాచుకోవడానికి నాబోటి పరిశోధకులు వాడుతుంటారు. ఇవాళ రాసుకున్నది రేపు మరో కంప్యూటర్‌లో కనిపించాలంటే ఆ ఎక్స్‌టెన్షన్‌కు నేనెవరో తెలియాలి. "గూగుల్‌తో సైన్ ఇన్ అవ్వండి" అంటుంది. నా పాస్‌వర్డ్ దాని చేతికి ఇవ్వను. బ్రౌజర్ వేరే కిటికీ తెరిచి నన్ను గూగుల్ ముందు నిలబెడుతుంది. పాస్‌వర్డ్ అక్కడే చెప్పుకుంటాను. గూగుల్ తన సంతకంతో ఒక చీటీ రాసి ఎక్స్‌టెన్షన్‌కు పంపుతుంది. దాన్ని ఐడీ టోకెన్ అంటారు. 2014లో వచ్చిన ఓపెన్ ఐడీ కనెక్ట్ అనే ప్రమాణం దాని రూపాన్ని నిర్ణయించింది.

ఆ చీటీలో ముఖ్యంగా నాలుగు సంగతులుంటాయి: ఇచ్చిందెవరు, ఎవరి గురించి, ఎవరి కోసం, ఎప్పటిదాకా. 'ఎవరి గురించి' అన్నచోట ఉండేది నా పేరు కాదు, నా ఖాతాకు గుర్తుగా ఉండే ఒక సంకేతం. పేరు, ఈమెయిల్ కావాలంటే విడిగా అడగాలి. 'ఎవరి కోసం' అన్నది ఇంకా ముఖ్యం. ఒకరికోసం రాసిన చీటీని మరొకరి దగ్గరికి పట్టుకుపోతే వాళ్ళు దాన్ని తిరస్కరించాలి. గడువు దాటితే అది చిత్తుకాగితం. ఇక నా ఫైళ్ళు తెరవడానికో, ఉత్తరాలు చదవడానికో ఈ చీటీ పనికిరాదు. అందుకు యాక్సెస్ టోకెన్ అని మరొకటుంది, దానికి నా అనుమతి వేరేగా కావాలి. ఒకదాని బదులు మరొకటి వాడటం తప్పని ఈ విద్య తెలిసినవాళ్ళు పదేపదే హెచ్చరిస్తారు. ఒక మనిషి ఎవరో తెలిసినంత మాత్రాన ఆ మనిషి మీద హక్కు రాదన్నమాట. ఈ సంగతి మన కుటుంబాలకూ, వీధులకూ ఇంకా తలకెక్కలేదు.

అడిగినంతకే, అడిగినవారికే, అవసరమైనంతసేపే జవాబు చెప్పాలన్న నియమం నాకు మొదట సాంకేతికంగా కనిపించింది. ఆలోచిస్తే అది నీతి. దాన్ని మన రోజువారీ బతుకు పక్కన పెట్టి చూద్దాం. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా వెళ్తున్నారు. ఎంత మంచి పథకమో బస్సెక్కి చూస్తే తెలుస్తుంది. పుట్టింటికి పోవడానికి చార్జీలు అడగాల్సిన పని లేకుండా పోయింది. అయితే కండక్టర్‌కు తెలియాల్సింది ఒక్కటే, ఈమె తెలంగాణ స్త్రీయా కాదా అని. దానికి మనం చూపే కార్డులో పుట్టిన తేదీ, చిరునామా, చాలాసార్లు భర్త పేరు కూడా ఉంటాయి. బస్సులో అది రెండు క్షణాల ముచ్చట. కానీ జిరాక్స్ సంగతో? సిమ్‌కు ఒకటి, అద్దె ఇంటికి ఒకటి, అప్పుకు ఒకటి ఇస్తూ పోతాం. ఆ కాగితం ఎవరి కోసం ఇచ్చామో దాని మీద ఉండదు. గడువు అసలే ఉండదు. అది ఎవరి బల్ల సొరుగులోనో మనకంటే ఎక్కువకాలం బతుకుతుంది.

ప్రభుత్వానికి ఈ ప్రమాదం తెలియక కాదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తర్వాత కొద్ది నెలలకే, 2018 జనవరిలో, ఆధార్ సంస్థ వర్చువల్ ఐడీతో పాటు 72 అక్షరాల యూఐడీ టోకెన్ అనే ఏర్పాటు ప్రకటించింది. ఒకే మనిషికి ఒక్కో సంస్థ దగ్గర ఒక్కో టోకెన్. రెండు సంస్థలు తమ జాబితాలు పక్కపక్కన పెట్టుకున్నా వాటిని బట్టి ఆమె ఇద్దరి దగ్గరికీ వచ్చిందని పోల్చుకోలేకుండా చేయడం దాని ఉద్దేశం. కొన్ని సంస్థలకు మాత్రం పూర్తి నంబరు తీసుకునే వీలు ఉంచారు. ఆలోచన మంచిదే, కాని అది యంత్రాల మధ్యనే ఉండిపోయింది. కౌంటర్ దగ్గర మన చేతిలో మాత్రం జిరాక్స్ కాగితమే మిగిలింది.

దీనికంటే లోతైన చిక్కు మరొకటుంది. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్ళకు 'గెట్ ఆథ్ టోకెన్' అనే సులువైన దారి ఉంది. బ్రౌజర్ ప్రొఫైల్‌లో ఎవరి ఖాతా తెరిచి ఉంటే మామూలుగా ఆ ఖాతా పేరనే అది యాక్సెస్ టోకెన్ తెస్తుంది. కుర్చీలో కూర్చున్నది ఎవరో దానికి తెలియదు. ఒక మనిషికి ఒక యంత్రం, ఒక ఖాతా అన్న ఊహ మీద ఇదంతా నడుస్తుంది. ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్నచోట, ఊరంతటికీ నాలుగు ఇంటర్నెట్ సెంటర్లున్న చోట ఆ ఊహ నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దేశంలో సుమారు 54 శాతమే. మిగిలినవాళ్ళకు వచ్చే ఓటీపీ ఎవరి చేతిలో మోగుతోంది?

ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో ఒకామె దరఖాస్తు పెట్టుకోవడం చూశాను. నాట్ల రోజులు. చేతి వేళ్ళు నాని, అరిగి ఉన్నాయి. వేలిముద్ర మూడుసార్లు పడలేదు. ఓటీపీ పెడదామంటే నంబరు భర్తది. "పొలం కాడున్నడు, ఫోన్ ఎత్తుతలేడు" అంది. కుర్రాడు "అయితే ఏం చేయలేమమ్మా" అన్నాడు. ఆమె అతని మొహంలోకి చూసి, "నేనీడనే ఉన్న గద బిడ్డా, నన్ను సూస్తనే ఉన్నవు గద" అంది. ఆ మాటకు ఏ సాంకేతిక ప్రమాణంలోనూ జవాబు లేదు. మనిషి ఎదురుగా ఉంది. రుజువు మాత్రం పొలం దగ్గర, మరొకరి జేబులో ఉంది.

చట్టం ఇందుకు భిన్నంగా చెబుతుంది. 2013 ఆహార భద్రత చట్టం రేషన్ కార్డులో ఇంటిపెద్దగా పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామెను గుర్తించమంది. మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం పథకాన్ని ముఖ్యమంత్రి 2025 మార్చి 30న, ఉగాది నాడు, ఈ హుజూర్‌నగర్‌లోనే మొదలుపెట్టారు. కార్డు ఆమెది. అయినా 2021 ఫిబ్రవరిలో, కరోనా కారణంగా వేలిముద్ర బదులు ఐరిస్, ఓటీపీ పెట్టినప్పుడు, ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపించుకోవడానికి జనం కేంద్రాల ముందు బారులు తీరారు. తన పేరున ఫోన్ లేని ఇంటిపెద్ద ఏ నంబరు కలిపించుకుంటుంది? కొడుకుదో, భర్తదో. కాగితం మీద ఇంటిపెద్ద, ఫోన్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ "ఎవరి భార్యవు?" అనే.

కుటుంబంలో నీది నాది ఏమిటి, ఒక ఫోన్ అందరూ వాడుకుంటే తప్పేమిటి అనేవాళ్ళున్నారు. తప్పు లేదు. మా ఇళ్ళల్లో సైకిలూ, చీరలూ, మంచమూ పంచుకునే పెరిగాం. కానీ వస్తువును పంచుకోవడం వేరు, సమ్మతిని పంచుకోవడం వేరు. నా చీర చెల్లెలు కట్టుకుంటే అది చెల్లెలి ఒంటి మీద నా చీరే. నా ఓటీపీ భర్త చెబితే మాత్రం, అవతల నమోదయ్యేది నేను ఒప్పుకున్నానని. అక్కడ నేను మాట్లాడలేదన్న ఆనవాలు కూడా మిగలదు. పోనీ ప్రతి స్త్రీకీ సొంత ఫోన్ ఇస్తే సరిపోతుందా? సగం సరిపోతుంది. దాపరికం లేదని నిరూపించుకోవడానికి పాస్‌వర్డ్ చెప్పాల్సిన కాపురాల్లో సొంత ఫోన్ కూడా ఉమ్మడి ఆస్తే. పితృస్వామ్యం తాళం మార్చినంత మాత్రాన ఇల్లు ఖాళీచేసి పోదు.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఒక గృహిణి ఇల్లలికే ధ్యాసలో పడి తన పేరే మరిచిపోతుంది. ఇంట్లోవాళ్ళకు ఆమె అమ్మ, భార్య, ఇంకేదో. సర్టిఫికెట్ల కోసం పుట్టింటికి పోతుంది. చివరకు ఆమెను పేరుతో పిలిచేది పాత స్నేహితురాలు. నేను ఆ కథను ఈ రోజుల్లో మరోలా చదువుకుంటున్నాను. పూచీపడే మనిషి అవసరం ఎవరికైనా ఉంటుంది. గూగుల్ మీద ఆధారపడ్డ నాకూ ఉంది. ఆ పూచీ పడేవాడు యజమానా, సాక్షా అన్నదే తేడా. స్నేహితురాలు పేరు గుర్తుచేసింది, ఆ పేరు మీద పెత్తనం అడగలేదు.

కాబట్టి మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. వేలు పడనప్పుడు, ఫోన్ చేతిలో లేనప్పుడు, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి పని జరిపే దారి ప్రతి కౌంటర్‌లోనూ ఉండాలి. రుజువులో అడిగినదానికి మించి ఒక్క ముక్క కూడా ఉండకూడదు. ఇచ్చిన సమ్మతిని ఎవరి అనుమతీ లేకుండా వెనక్కి తీసుకునే వీలు ఆమెకు ఉండాలి. ఎక్స్‌టెన్షన్లు రాసే వాళ్ళలో మన అమ్మాయిలూ ఎందరో ఉన్నారు. యంత్రం ముందు ఒక్క మనిషే ఉంటుందని అనుకునే ముందు, ఆమె వెనక నిలబడి తెర చూస్తున్నదెవరో కూడా ఒకసారి ఊహించమని వాళ్ళను అడుగుతున్నాను.