లాటరీలో రాని బస్తీ

ఆఫీసులో వారానికో ఏ/బీ టెస్ట్ నడుపుతుంటాను. సగం మందికి పాత స్క్రీన్, సగం మందికి కొత్తది. ఎవరినీ అడగం. బటన్ రంగే కదా అనుకునేవాణ్ణి, హైదరాబాద్ మైక్రోఫైనాన్స్ పేపర్ చదివేదాకా.

2005లో బెనర్జీ, డుఫ్లో బృందం ఇక్కడి 104 బస్తీల్లోంచి లాటరీ పద్ధతిలో 52 ఎంచింది. స్పందన సంస్థ ముందు వాటిల్లోనే బ్రాంచీలు తెరిచింది. మిగతావి ఆగాలి. పేదవాళ్ల మీద ప్రయోగాలా అని మొదట ఒళ్లు మండింది. తీరా ఫలితం చూస్తే, అప్పు దొరికినచోట చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కాస్త పెరిగింది. ఇంటి ఖర్చు సగటున పెరగలేదు. పిల్లల చదువులో, ఇంట్లో ఆడవాళ్ల మాటకి ఉండే విలువలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

మరి అన్యాయం ఎవరికి జరిగినట్టు? ఆగిన బస్తీలకి అనాలంటే ఆ అప్పు మంచిదని ముందే తెలిసుండాలి. తెలియకే కదా లాటరీ! అదే అప్పుని రాష్ట్రమంతా లాటరీ లేకుండా పంచారు. 2010కి వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు, చివరికి ఆర్డినెన్సు. దాన్నెవరూ ప్రయోగం అనలేదు.

అయినా ఒకటి మింగుడుపడదు. సగటు కదల్లేదంటే ఎవరికీ ఏమీ కాలేదని కాదు. ఒకామె కుట్టుమిషన్ కొనుక్కుని ఉండొచ్చు, పక్కింటామె కిస్తీ కోసం పుస్తెలు తాకట్టు పెట్టి ఉండొచ్చు. రెండూ కూడితే సున్నా. ఆ సున్నాని నేనూ రోజూ డాష్‌బోర్డులో చూసి, "తేడా ఏం లేదు" అని టికెట్ మూసేస్తుంటాను.

ఈ వారం నాకొచ్చిన పని: లోన్ వాయిదా గుర్తుచేసే మెసేజ్ రోజుకి ఒకటా, మూడా. టెస్ట్ రెడీగా ఉంది. ఇంకా ఆన్ చెయ్యలేదు.