లాభము, రెండు, మూడు

వాక్యభాగము: లూకా 12:6–7, ఎస్తేరు 3:7–13



కళ్లములో జొన్నలు కొలుచునప్పుడు మన పెద్దలు మొదటి కొలతను ఒకటి అనరు, లాభము అందురు. తరువాతనే రెండు, మూడు. ఏడు అనిన ఏడుపు తోచును గనుక, ఏడ్చు బిడ్డను చూచి ఆరున్నొక్క రాగము తీయుచున్నాడందుము. వానలు చాలని మన కర్నూలు, కడప సీమలలో ఏడాది కష్టమంతయు ఒక్క పూటలో కొలువబడునప్పుడు రైతు గుండె అదురుట సహజమే. ఆ మాటలను మనము ఎగతాళి చేయము. అయితే అంకెల భయము కళ్లములోనే ఆగిపోలేదు.

పెండ్లిలో నూరు రూపాయలు చదివించిన లోటనియు, నూటపదహార్లు శుభమనియు అనుకొందుము. ఇది నైజాము నాణెమునుండి వచ్చినదని కొందరందురు. ఆరు ఇంగ్లీషు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకము గనుక, నూటికి నూటపదహారు పైచిలుకు పడెడిది. ఆ మాట నిజమైతే, మనము శుభమనుకొన్నది షరాబు లెక్కయే గదా!

చైనావారి భాషలో నాలుగు అను మాట చావు అను మాటవలె వినబడును గనుక వారు దానిని తప్పించుకొందురు. ఎనిమిది వారికి సంపద. అందుచేతనే 2008 ఆగస్టు 8న రాత్రి 8 గంటలకు బీజింగులో ఒలింపిక్ పోటీలు ఆరంభించిరి. మన యొద్ద అదే ఎనిమిదిని శని అంకె అని బెదరించుదురు. ఒక్క అంకె అక్కడ ధనమును, ఇక్కడ శనిని తెచ్చునా? ఈ లెక్క మన పూర్వుల శాస్త్రమని చాలమంది తలంతురు గాని, దీనిని లోకమంతట వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడు 1866లో ఐర్లండులో పుట్టిన కీరో అను హస్తసాముద్రికుడు. పాశ్చాత్యులకు పదమూడు భయము. ప్రభువు కడరాత్రి భోజనమునకు పదముగ్గురు కూర్చుండిరని దానికి కారణము చెప్పుదురు. ఆ బల్లయొద్దనే గదా మనకు రొట్టెయు పాత్రయు ఇయ్యబడినవి!

బండ్ల సంగతి చూడుడి. కర్నూలుకు ఏపీ 21, కడపకు ఏపీ 04 అని ఉండిన గుర్తులు పోయి, 2019లో రాష్ట్రమంతటికి ఏపీ 39 వచ్చినను, వెనుకనున్న నాలుగంకెల మీద మోజు తగ్గలేదు. ధనవంతుడు 9999 కొరకు వేలము పాడిన అది వాని సొమ్ము. అప్పు చేసి ట్రాక్టరు కొన్నవాడు, అంకెలు కూడిన తొమ్మిది రావలెనని మరల అప్పు చేసిన అది పిల్లల కూడు.

అంతకంటె ఎక్కువగా మనము ఆడుబిడ్డలను గూర్చి చింతింపవలెను. పుట్టిన తేదీ కూడగా ఎనిమిది వచ్చినదని సంబంధము వెనుకకు మరలిన, ఆ బిడ్డ చేసిన తప్పేమి? ఆదివారము ఆమెతో ఒకే పాత్రలో పాలుపొంది, సోమవారము ఆమెను అరిష్టమనుట మన సంఘములకు తగునా?

మత్తయి సువార్తలో పిచ్చుకలు కాసుకు రెండు. లూకాలో రెండు కాసులకు అయిదు. సంతకు పోవు మన స్త్రీలకు ఈ లెక్క వెంటనే తెలియును: అయిదవది కొసరు. వెల లేని ఆ కొసరు పిచ్చుకను సైతము దేవుడు మరువడని ప్రభువు చెప్పెను. అట్టివాడు లెక్కించిన బిడ్డను కూడికలు వేసి త్రోసివేయుటకు మనమెవరము?

ఇక ముహూర్తపు అంకెలు వెదకువారు హామాను సంగతి చదువవలెను. యూదులను చంపుటకు అనుకూలమైన కాలము కొరకు అతడు మొదటి నెలలో పూరు, అనగా చీటి, వేయించెను. అది పండ్రెండవ నెలయైన అదారును చూపెను. పదమూడవ దినము ఖాయమాయెను. చీటి అంత దూరపు నెలను చూపుటచేతనే, మూడవ నెలలో వ్రాయబడిన ఎదురు తాకీదు నూట ఇరువదియేడు సంస్థానములకు చేరుటకు కాలము మిగిలెను. అదారు పదమూడు వచ్చునప్పటికి యూదులు బ్రదికియుండిరి, హామాను లేడు. ఆ చీటి పేరుననే వారు నేటికిని పూరీము పండుగ ఆచరించుచున్నారు.