చర్మం కింద గింజ

1998 ఆగస్టు 24న ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కెవిన్ వార్విక్ ఎడమచేతి చర్మం కింద చిన్న చిప్ పెట్టించుకున్నాడు. ఆయన వస్తుంటే ఆఫీసు తలుపులు వాటంతటవే తెరుచుకునేవి, దీపాలు వెలిగేవి. తొమ్మిది రోజులకు తీయించేసుకున్నాడు. ఇప్పటివాళ్లు పెట్టించుకునేది బియ్యపు గింజంత గాజు గొట్టం. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చర్మాన్ని ఎత్తిపట్టి, లావుపాటి బోలు సూదితో లోపలికి తోస్తారు. దానికి బ్యాటరీ ఉండదు. రీడర్ దగ్గరికి తెస్తే దాన్నుంచే కాస్త కరెంటు అందుకుని తన నంబరు చెబుతుంది. మనం ఎక్కడ తిరుగుతున్నామో అది కనిపెట్టలేదు. జనం భయపడేది మాత్రం దానికే.

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో సూదితో ఒంట్లోకి ఏదో ఎక్కించుకోవడం పాత సంగతే. మా బాపమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది. మెడలో గొలుసు ఎన్నిసార్లు కుదువకు పోయొచ్చిందో లెక్కలేదు. "గిదొక్కటే నా ఎంబడి కాట్లెకొస్తది" అని చేయి చూపించేది.

చిప్‌నూ పచ్చబొట్టునూ ఒళ్లు ఒకేలా చూడదు. గాజు గింజ చుట్టూ సన్నటి పొర అల్లేసి, పక్కన పెట్టి ఊరుకుంటుంది. లోపలి నంబరు ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది. పచ్చబొట్టు సిరాను మాత్రం చర్మంలోని కాపలా కణాలు మింగి పట్టుకుంటాయి. ఆ కణాలు చచ్చిపోతే సిరా బయటపడుతుంది, కొత్తగా వచ్చిన కణాలు దాన్ని మళ్లీ మింగుతాయి. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరిశీలించి 2018లో చెప్పిన మాట ఇది. అంటే బాపమ్మ చేతి మీద మాకు కనబడింది ఒకనాడు పొడిచి వదిలేసిన గుర్తు కాదు. డెబ్బై ఏళ్లపాటు ఆమె ఒళ్లు చేతులు మార్చుకుంటూ మోసిన బరువు. అంచులు అలుక్కుపోయాయంటే పోవా మరి!

ఇది తెలిశాక మా ఇంట్లో బాపమ్మవి ఏవి మిగిలాయా అని చూసుకున్నాను. ఆమె గొంతు రికార్డు చేసిన పెన్‌డ్రైవ్ బీరువాలో భద్రంగానే ఉంది. ఎవరం వినం. మిగిలినవి పండక్కో పెళ్లికో పదిమంది చేరినప్పుడు ఎవరో ఒకరు మళ్లీ ఎత్తుకున్న ముచ్చట్లే. వాటిలో తప్పులున్నాయి, కోతలున్నాయి. నాకు అవే ముద్దు. చెప్పేవాళ్లు పక్కన కూర్చోనిదే అవి రావు కదా.

ఆ పచ్చబొట్టు ఐనవోలు జాతరలో పొడిపించుకుందని పెద్దనాన్న అంటాడు. కాదు, మేడారంలోనని మేనత్త. బతికున్నప్పుడు బాపమ్మనే అడిగితే, ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ల మాటే ఖాయం చేసేది.