కొలుచు చేతి ధర్మము

1860 మొదలు 1911 వరకు ఒడంబడికపై నాటాలు చేరిన మన పూర్వులకు బియ్యము, పప్పు, ఉప్పు యజమానులే తూచి యిచ్చెడివారు. త్రాసు ఒకరి చేతిలో, ఆకలి మరొకరి కడుపులో! ఆ తూనికలోని న్యాయాన్యాయములు వారికి బ్రతుకు సమస్య.

నేడు వారి సంతతిలో డైటెటిక్స్ అనబడు పథ్యాహార శాస్త్రము నభ్యసించు యువతీ యువకులు కలరు. ఇతరుల అన్నమును కొలుచు అధికారము వీరి చేతికి వచ్చినది. వీరు అలవరచుకొనవలసిన ధర్మమేది?

మధుమేహ రోగి యెంత అన్నము తినునో అడిగి వ్రాయుట అల్పకార్యమువలె తోచును. అలసిన వేళ, ఎవరును చూడని చోట, అడుగకయే ఒక అంకె వేయవచ్చును. "ఒక్క అంకెతో ఏమగును?" అని మనస్సు నచ్చజెప్పును. కాని భోజనమునకు తగినట్లు ఇన్సులిన్ తీసుకొను రోగికి ఆ అంకెయే మోతాదును నిర్ణయించును. అన్నము నెక్కువగా లెక్కించినచో మందు మించి, రక్తములో చక్కెర పడిపోయి, స్పృహయే తప్పవచ్చును.

కావున పరీక్షలలోని మార్కులకన్న ముందు అలవడవలసినవి మూడు: అడిగి తెలిసికొన్నదే వ్రాయుట, తూచినదే చెప్పుట, తెలియనిచో గురువు నడుగుట. పరులు తూచి యిచ్చిన తిండితో బ్రతికినవారి బిడ్డలకు తూనిక విలువను వేరొకరు బోధింపవలెనా?