ఎవరి హక్కు వారికి

మంచికీ చెడుకూ మధ్య ఎంచుకోవలసి వస్తే విశ్వాసికి దారి తెలుసు. ఆ దారిన నడవడం కష్టం కావచ్చు గాని, దారి మాత్రం స్పష్టంగానే కనిపిస్తుంది. రెండు మంచి పనులు ఒకే గంటను అడిగినప్పుడే అసలు చిక్కు వచ్చిపడుతుంది. అప్పుడు ఏది చేసినా పుణ్యమే అనిపిస్తుంది, ఏది వదిలినా తప్పే అనిపిస్తుంది. ఈ రోజుల్లో పిల్లలున్న ప్రతి ఇంటిలోనూ ఈ చిక్కు ఉంది.

కోదాడలో ఒక తల్లిని ఊహించుకోండి. ఇంట్లో మగ్గం పని చేసి నాలుగు రూపాయలు సంపాదిస్తుంది. పిల్లలు చదివే సర్కారు బడి కమిటీలో సభ్యురాలు. శనివారం సాయంత్రం పెద్దలూ పిల్లలూ కలిసి నేర్చుకునే కరాటే తరగతికి ఇంటిల్లిపాదీ వెళ్తారు. ఒక శనివారం ఈ మూడూ ఒకేసారి వచ్చి పడ్డాయి. మర్నాడు పెళ్లికూతురు తొడుక్కోవలసిన రవిక ఇంకా మగ్గం మీదే ఉంది. బడిలో సమావేశం ఉంది. చిన్నమ్మాయి కరాటే దుస్తులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఏం చేయాలి?

సూర్యాపేటలో దుకాణం నడిపే తండ్రికీ, వరి కోతల కాలంలో రాత్రింబవళ్లు నడిచే మిర్యాలగూడ రైసుమిల్లులో లెక్కలు రాసే తండ్రికీ ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది.

అన్నిటికీ సమానంగా సమయం పంచితే సరిపోతుందని కొందరంటారు. ఇల్లే ముందు, మిగతావన్నీ తర్వాతేనని మరికొందరంటారు. మొదటి మాట త్రాసు పట్టుకున్న వ్యాపారి మాట. హక్కులన్నీ ఒకే బరువున్నవి కావు గనుక వాటిని సరిసమానంగా తూచడం కుదరదు. రెండో మాట వినడానికి బాగుంటుంది గాని, ఇంటి గడప దాటని స్వార్థానికి అది చక్కని ముసుగు కూడా కాగలదు.

సల్మాన్ (రజి) చూసింది

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది. మదీనాలో దైవప్రవక్త ముహమ్మద్ (స) వీరిద్దరి మధ్య సోదర బంధం ఏర్పరచారు. ఒకసారి సల్మాన్ (రజి) సోదరుని ఇంటికి వెళ్తే, ఆ ఇంటి ఇల్లాలు తన అలంకరణ పట్టించుకోకుండా సాదాసీదాగా కనిపించారు. కారణం అడిగితే, మీ సోదరునికి ఈ లోకం మీద ఆసక్తి లేదని ఆమె చెప్పారు. అబూ దర్దా (రజి) పగలు ఉపవాసం, రాత్రి నమాజుతో గడిపేవారు. సల్మాన్ (రజి) ఆయన చేత ఉపవాసం విరమింపజేసి తనతో పాటు భోజనం చేయించారు. రాత్రి లేవబోతే పడుకోమన్నారు. చివరి జామున ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ఆ తర్వాత, ప్రభువుకూ, నీ ప్రాణానికీ, నీ ఇంటివారికీ నీ మీద హక్కులున్నాయి, ఎవరి హక్కు వారికి చెల్లించమని హితవు చెప్పారు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ నిజమే చెప్పారని సమర్థించారు.

ఈ సంఘటనలో చెడ్డ పని చేసినవారు ఎవరూ లేరు. ఆరాధనను మించిన మంచి పని ఏముంటుంది? అయినా ఆ మంచి పనికి మరొకరి హక్కు ఖర్చవుతోంది. ఇంకో విషయం గమనించండి. ఆ ఇల్లాలు ఫిర్యాదు చేయలేదు. అడిగితే ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు. ఆ లోటును కనిపెట్టింది అతిథి. నోరు తెరచి అడగనివారి హక్కే ముందుగా కరిగిపోతుందన్న సత్యం ఇందులో ఉంది. మన ఇళ్లలో అలా అడగనివారు సాధారణంగా పిల్లలూ, వృద్ధులైన తల్లిదండ్రులూ, ఒక్కోసారి భార్యానూ.

ఫర్జ్, నఫిల్

ఆరాధనల్లో ఫర్జ్ ఏదో, నఫిల్ ఏదో మనకు బాగా తెలుసు. ఫర్జ్ నమాజు వదిలేసి నఫిల్ లెక్కపెట్టుకునేవాణ్ణి వివేకవంతుడని ఎవరూ అనరు. అప్పు తీర్చవలసిన సొమ్ముతో దానం చేసేవాణ్ణి దాత అనడానికీ మనసొప్పదు. సమయం సంగతీ అంతే. ముందే ఒకరికి బాకీ ఉన్న గంటను తీసి మరొకరికి ఇస్తే అది దానం కాదు, ఎందుకంటే ఆ గంట మనది కాదు.

ఈ దృష్టితో ఆ తల్లి మూడు పనులనూ చూద్దాం. రవిక విషయంలో ఆమె మాట ఇచ్చింది, బయానా కూడా తీసుకుంది. వాగ్దానాన్ని నెరవేర్చమని దివ్య ఖుర్‌ఆన్ అనేక చోట్ల ఆదేశిస్తుంది. పెళ్లి తేదీ ఆమె వీలు కోసం ఆగదు. కాబట్టి అది ఇక ఆమె ఇష్టం మీద ఆధారపడిన పని కాదు.

బడి కమిటీ సభ్యత్వం ఒక అమానత్. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. బడి ఎలా నడుస్తోంది, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయి అని చూడటం వారి విధి. 2024లో తెలంగాణలో ఏర్పడ్డ అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా బడి మరమ్మతుల బాధ్యతలో స్త్రీలనే ముందు నిలబెట్టాయి. అక్కడ ఆమె కుర్చీ ఖాళీగా ఉంటే, తల్లిదండ్రులు రాలేని ఎందరో పేద పిల్లల పక్షాన మాట్లాడే గొంతు ఒకటి తగ్గిపోతుంది.

ఇక గుమ్మంలో నిలబడ్డ బిడ్డ. కరాటే ఆమె హక్కు కాకపోవచ్చు గాని, తల్లిదండ్రుల తోడు, వారి శ్రద్ధ ఆమె హక్కు. వ్యాయామం వృథా కాలక్షేపం అనుకునేవారికి ఒక మాట. పండుగ రోజున మస్జిదులో హబ్షీలు ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)కు స్వయంగా చూపించారు. ఆమెతో పరుగు పందెమూ వేశారు. పోట్లాటలో సైతం ముఖం మీద కొట్టవద్దని ఆదేశించారు. కుస్తీలో పడగొట్టినవాడు కాదు, కోపంలో తనను తాను అదుపులో ఉంచుకున్నవాడే బలవంతుడని బోధించారు. తండ్రి పక్కనే నిలబడి, దెబ్బ తగిలినా కోపం తెచ్చుకోకుండా గురువుకు వినయం చూపితే, బిడ్డకు ఈ పాఠం వేరే పుస్తకంలో చదివించనక్కర్లేదు.

మూడో మనిషి ఎక్కడ?

ఇంతవరకు మనం ఆ తల్లి గురించే మాట్లాడుకున్నాం. తండ్రి ఎక్కడున్నాడు? అసలు ప్రశ్న ఇదే. ఒక్క మనిషి మూడు చోట్ల ఉండలేకపోతే ఆ మనిషినే తప్పు పట్టడం మన అలవాటు. బరువు పంచుకోవలసినవారిని అడగం. ఇంట్లో దైవప్రవక్త (స) ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడేవారనీ, నమాజు వేళకు బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఒక సమాజం మొత్తాన్నీ నడిపిన మహనీయునికి ఇంటి పనికి తీరిక దొరికింది. మనకు దొరకకపోవడానికి కారణం మిల్లో, దుకాణమో మాత్రమేనా?

నిజామాబాద్‌కు చెందిన ముహమ్మద్ జమీల్ అహ్మద్ గారు దాదాపు 15 ఏళ్లు సౌదీ అరేబియాలో ఉద్యోగం చేశారు. కుమార్తెల చదువు, క్రీడల కోసం అది వదులుకుని ఇంటికి తిరిగివచ్చారు. ఆయన కుమార్తె నిఖత్ జరీన్ బాక్సింగులో 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. అందరూ ఉద్యోగాలు వదలలేరు, అందరి పిల్లలూ పతకాలు తేలేరు. కాని పిల్లలకు డబ్బు పంపడం ఒక హక్కు చెల్లించడమే అయితే, పక్కన ఉండటం మరొకటని ఆ తండ్రి గుర్తించారు. మన సంగతి అంత కఠినమైనది కాదు. శనివారం సాయంత్రం రెండు గంటలు దుకాణం తమ్ముడికి అప్పగించి బిడ్డ వెంట వెళ్లగలిగితే చాలు.

బడి పనికీ ఇదే నియమం. సమాజం మొత్తానికి చెందిన బాధ్యతను ధర్మవేత్తలు ఫర్జె కిఫాయా అన్నారు. కొందరు నెరవేర్చితే అందరి బరువూ దిగుతుంది, ఎవరూ చేయకపోతే అందరూ దోషులే. అంటే ఎప్పుడూ ఒకే సోదరిని ముందుకు తోసి మిగతా వీధి అంతా నిశ్చింతగా ఉండటానికి అది అనుమతి కాదు.

చేతి పని, చిన్న పని

హజ్రత్ జైనబ్ బిన్తె జహ్ష్ (రజి) తోళ్లు పదును చేసి, కుట్టుపని చేసి, వచ్చినదాన్ని పేదలకు పంచేవారు. హజ్రత్ దావూద్ (అలై) తన చేతి కష్టంతోనే తినేవారు. కాబట్టి మగ్గం ముందు కూర్చున్న తల్లి చిన్న పని చేస్తున్నానని అనుకోనవసరం లేదు. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని సూది పట్టడం నేర్పితే ఆ గంటలో రెండు హక్కులు చెల్లుతాయి. కాని బిడ్డ మాట్లాడుతుంటే చెవి పెట్టకుండా గిరాకీ లెక్కలే చూసుకుంటే, పక్కపక్కనే ఉన్నా ఏ హక్కూ చెల్లదు.

ఇంతకూ ఆ శనివారం సంగతేమిటి? రవిక పూర్తి చేయాలి, సమావేశానికి వెళ్లాలి, బిడ్డను తండ్రి తీసుకువెళ్లాలి. తండ్రికి నిజంగా వీలుకాకపోతే, కమిటీకి ముందే కబురు పెట్టి, చెప్పదలచుకున్నది తోటి సభ్యురాలి చేత చెప్పించాలి. ఆ రోజు బిడ్డే తరగతి వదులుకోవలసి వస్తే, కారణం చెప్పి ఆమె అనుమతి అడగాలి, మరుసటి వారం ఆ బాకీ తీర్చాలి. వదులుకునే వంతు ప్రతిసారీ ఒకరిదే అయితే దాన్ని త్యాగం అనలేం, అది అన్యాయమే. వచ్చే నెల కొత్త గిరాకీ ఒప్పుకునే ముందు, కొత్త బాధ్యత తలకెత్తుకునే ముందు, ఆ గంట ఇప్పటికే ఎవరిదని ఒక్క క్షణం ఆలోచించాలి. కాదనడం ఒప్పుకోకముందు మర్యాద, ఒప్పుకున్న తర్వాత మాట తప్పడం. కొంచెమే అయినా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని దైవప్రవక్త (స) తెలిపారు.

ఈ రాత్రి పడుకునే ముందు మన ఇంట్లో అడగకుండా ఊరుకునే మనిషి ఎవరో ఒకసారి చూద్దాం. ఎవరి హక్కు వారికి చెల్లించే సద్బుద్ధిని, దాన్ని పంచుకుని మోసే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.