కొలను పక్కన నీళ్ల క్యాను

శివరాత్రి ఇంకా నాలుగు రోజులుంది. నల్లమల నడుమ పేచెరువు చెంచుగూడెం దగ్గర రాత్రి మజిలీ చేసిన శివస్వాముల గుంపొకటి తెల్లారకముందే లేచింది. అందరూ కడప జిల్లా వాళ్లే. ప్రొద్దుటూరులో గుంత మగ్గం మీద బతుకంతా గడిపిన ముసలి నేతగాడు, జమ్మలమడుగు వైపు నాపరాళ్లతో గోడలు కట్టే మేస్త్రీ, పులివెందుల చీనీతోటల్లో పెరిగిన కుర్రాడు, ఇంకో నలుగురు, వాళ్లందరికీ పెద్దదిక్కుగా ఒక గురుస్వామి. ఆత్మకూరు పక్కన వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి, నాగలూటి వీరభద్రుడికి మొక్కుకుని ఇంతదూరం వచ్చారు. ఇక ముందున్నది భీముని కొలను లోయ, దాన్ని ఎక్కితే కైలాసద్వారం, ఆపైన శ్రీశైల మల్లన్న సన్నిధి.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. వాగుల్లో ఇసుక తప్ప ఏమీ లేదు. దారిలో దాతలు వేసే పందిళ్లు ఇంకా లేవలేదు. గురుస్వామి పది లీటర్ల క్యాను నింపించి కుర్రాడి ముందు పెట్టాడు.

"సామీ, గుంపులో వయసూ బలమూ నీకే ఉండాయి. నీళ్లు నువ్వు ఎత్తుకో. ఈడ దాటితే కొలను దాకా చుక్క దొరకదు."

కుర్రాడు మారుమాట లేకుండా క్యాను భుజానికెత్తాడు. బరువంటే వెనకాడే మనిషి కాదు. చీనీకాయల గంపలు మోసి మోసి భుజం కాయకట్టి ఉంది. నాలుగడుగులు అందరితో నడిచాడు. ముసలాయన మోకాళ్లు పట్టుకుని నడుస్తున్నాడు, తక్కినవాళ్లు ఆయన కోసం ఆగి ఆగి వస్తున్నారు. కుర్రాడికి ఆ నడక నచ్చలేదు. భుజాన బరువు పెట్టుకుని నిలబడటం కంటే నడవడమే సులువనిపించింది.

"నేను ముందు పోయి కొలను కాడ కూర్చుంటా. మీరు నిదానంగా రాండి సామీ!" అని కేకేసి కదిలాడు. గురుస్వామి పిలిచే లోపల ఆకురాలిన టేకుచెట్ల మధ్య కనుమరుగయ్యాడు.

అలుపన్నది లేకుండా నడిచాడు. దప్పికైంది. క్యాను మూత మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు. అది అందరి నీళ్లు, ఒక్కడే తాగితే తప్పు అనుకున్నాడు. ఒక్క గుక్క ముట్టలేదు. పొద్దు నడినెత్తికి రాకముందే లోయ అంచుకు చేరి, నిట్టనిలువు రాతిమెట్లు దిగి, కొలను ఒడ్డున క్యాను దించాడు. కొలనులో దోసిళ్లతో నీళ్లు తాగి, ముఖం కడుక్కుని, చెట్టునీడలో నడుం వాల్చాడు. అందరికంటే బరువు మోశాను, అందరికంటే ముందొచ్చాను, చుక్క ఒలకబోయలేదు అని తృప్తిపడ్డాడు.

పైన అడవిలో సంగతి వేరు. బాట మీద నీడ లేదు. ముసలాయనకు పిక్కలు పట్టేశాయి. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. మేస్త్రీ ఆయన్ను వీపున వేసుకుని కొంతదూరం మోశాడు, తర్వాత తనకూ కళ్లు తిరిగాయి. గుంపంతా ఒక బండ వారన చతికిలబడింది. అటుగా తేనెకు వచ్చిన చెంచు మనిషి వాళ్లను చూసి, మాటకూడా అడక్కుండా కొలనుకు పరుగెత్తాడు.

"మీ ముసలాయప్ప పైన పడిపోయినాడు. ఆ నీళ్లు యాల ఈడ పెట్టుకున్నావు?" అన్నాడు కుర్రాడితో.

కుర్రాడు క్యాను వైపు చూశాడు, కొలను వైపు చూశాడు. నీళ్లున్న చోటికి నీళ్లు మోసుకొచ్చానని అప్పుడు తెలిసింది. దిగిన మెట్లన్నీ అదే బరువుతో మళ్లీ ఎక్కాడు. ముసలాయన గుటక వేసి కళ్లు తెరిచేదాకా కుర్రాడికి ఊపిరాడలేదు.

ఎవరూ తిట్టలేదు. దానికే అతను ఉండబట్టలేకపోయాడు. "అన్నా, నేను ఒక్క గుక్క కూడా తాగలేదు. నమ్ము" అన్నాడు మేస్త్రీతో.

"నమ్మకేం అబ్బీ! నువ్వు తాగలేదు, మమ్మల్నీ తాగనీలేదు. గోడ కట్టేటప్పుడు పెద్ద బండ అడుగున ఏస్తాం గానీ, చూడను బాగుంటాదని పైన పెడతామా?"

ఆ సాయంత్రం గుంపు భీముని కొలను దిగి, ఎదుటి మెట్లెక్కింది. కైలాసద్వారం దగ్గర గురుస్వామి తలలు లెక్కపెట్టాడు. ఏడో తల ముసలాయనది. ఎనిమిదో తల, క్యాను మోస్తూ వచ్చిన కుర్రాడిది.

నీతి: గుంపులో బలవంతుడి చోటు వెనక. అందరి నీళ్లు ఎవరి భుజాన ఉన్నాయో వాళ్లు చివర నడవాలి.

ఈ కథలో కుర్రాడు సోమరి కాదు, దొంగ కాదు, స్వార్థపరుడూ కాదు. బరువు మోశాడు, నిష్ఠగా కాపాడాడు. అయినా ఒక ముసలాయన ప్రాణం మీదికి వచ్చింది. అప్పగించిన వస్తువును భద్రంగా చేర్చడమే తన పని అనుకున్నాడు గానీ, అది ఎవరి గొంతు తడపడానికో మరిచాడు. చెడ్డవాడి తప్పు అందరికీ కనిపిస్తుంది. ఇలాంటి మంచివాడి తప్పు అతనికే కనిపించదు.

కడప జిల్లా రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలయ్యే కె.సి. కెనాల్ కర్నూలు పొలాలు దాటి ఈ జిల్లాకు వచ్చేసరికి చివరి ఆయకట్టవుతుంది. నీళ్లు తక్కువైన ఏడు ముందు ఎండేది చివరి మడే. కాలువ ఎంత బాగా పారిందో చెప్పగలిగింది తూము దగ్గరి రైతు కాదు, ఆ చివరి మడి రైతు.

ఇంట్లో పెద్దకొడుకైనా, ఊళ్లో పెద్దమనిషైనా, కొలువులో పై అధికారైనా ఎంత ముందుకు పోయాడని కాదు చూడాల్సింది. అతని చేతిలో ఉన్నది ఆఖరివాడికి అందే దూరంలో ఉందా లేదా అన్నదే చూడాలి.