అంగ్‌సానా కొమ్మ, జావా గోరువంక

అంగ్‌సానా చెట్టు శేషాచలం ఎర్రచందనానికీ, వేగిసకూ దగ్గరి చుట్టం. దాని కలపకున్న గిరాకీయే ఆగ్నేయాసియా అడవుల్లో దాని కొంప ముంచింది. ఫిలిప్పీన్స్‌లో నర్రా పేరుతో జాతీయ వృక్షమైనా గొడ్డలి ఆగలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది.

సింగపూర్ రోడ్ల మీద మాత్రం అది మామూలు నీడచెట్టు. 1967లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ ఉద్యాన నగరం తలపెట్టినప్పుడు నీడ త్వరగా కావలసి వచ్చింది. అంగ్‌సానా లావుపాటి కొమ్మను నరికి పాతినా, మునగ కొమ్మలా వేళ్లు తన్నుతుంది. మొక్క దశ లేకుండానే చెట్టు వచ్చేసింది. పసుపు పూలు విచ్చేది ఒక్క రోజే, మర్నాటికి రోడ్డంతా పసుపు రాసిన గడప. కాయ చిన్న అప్పడంలా ఉంటుంది: మధ్యలో గింజ, చుట్టూ పల్చటి రెక్క.

జావా గోరువంకను ఎవరూ నాటలేదు. 1925 ప్రాంతంలో సింగపూర్‌కు పంజరపు పిట్టగా వచ్చి, బయటపడి, ఊరంతా తనదే చేసుకుంది. తెలుగు ఊళ్ల గోరింకకు ఉండే కంటి చుట్టూ పసుపు చర్మం దీనికి లేదు. నల్లబూడిద ఒళ్లు, ముక్కు మీద నిక్కిన జుట్టు. హాకర్ సెంటర్ అనే తిండి దుకాణాల కూడలిలో మనిషి బల్ల మీంచి లేచీ లేవకముందే పళ్లెం అంచున వాలి, మిగిలిన పరోటా ముక్కను లాక్కుపోతుంది. ఏ కంతలోనైనా గూడు, ఏది దొరికినా తిండి. పుట్టింట్లో దాని కథ వేరు. పాట కోసం వలలు పన్ని పట్టేయడంతో జావాలో అది అరుదై, అదే సంఘం జాబితాకెక్కింది. అక్కడ డబ్బిచ్చి కొనే గొంతును ఇక్కడ గోలంటారు.

రెండూ సొంత నేల మీద కరువై, ఈ వీధుల్లో దండిగా ఉన్నాయి. అయితే చెట్టుది ఇచ్చిన వైభవం, పిట్టది గుంజుకున్నది. తోటమాలి చెయ్యి ఆగితే అంగ్‌సానా తగ్గుతుంది. గోరువంకకు ఎవరి చెయ్యీ అక్కర్లేదు, ఆ చెయ్యి తరిమినా లెక్కలేదు. అందుకేనేమో, జాబితా ఒక్కటే అయినా ఊరు ఒకదానికి నీళ్లు పోసి, మరోదాన్ని అదిలిస్తుంది.

సాయంత్రానికి రెండూ ఒకచోట చేరతాయి. దట్టమైన అంగ్‌సానా గుబుర్లంటే గోరువంకలకు ఇష్టం. చీకటి పడేవేళ వందలకొద్దీ వచ్చి వాలి, చోటు కోసం కీచులాడుకుంటాయి. కింద ఫుట్‌పాత్ తెల్లబడుతుంది, ఫిర్యాదులు వెళతాయి, కొమ్మలు నరుకుతారు. గోరువంకలు పక్క చెట్టుకు మారతాయి. అదీ చాలాసార్లు అంగ్‌సానాయే.